దస్తగీర్ ముడి వేసిన ఆటలు

వీడియో గేములు పిల్లల వ్యవహారం అనుకునేవాళ్లు ఈ నాలుగు పేజీలు వదిలేసి హాయిగా పేపరు చదువుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. నేను చెప్పబోయే మనిషికి నలభై ఏడేళ్లు. గడ్డం సగం నెరిసింది. దగ్గరి చూపుకు కళ్లద్దాలున్నాయి. పద్నాలుగో ఏట మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆడుతూనే ఉన్నాడు. పేరు దస్తగీర్. ఫలక్‌నుమా స్టేషన్ వెనక మూడో గల్లీలో అతనికి మగ్గం పని కార్ఖానా ఉంది. ఆ గల్లీలో కొట్లాట ఆట ఏది కొనాలన్నా, ఫోన్లో ఏది ఎక్కించుకోవాలన్నా ముందు అతన్ని అడుగుతారు. ఇంటర్నెట్‌లో చుక్కలు వేసి మార్కులిచ్చేవాళ్లు వేలమంది ఉన్నారని నాకూ తెలుసు. వాళ్లు రాసినవి చదివాను, తీసిన వీడియోలు చూశాను. మా దస్తగీర్ ముందు వాళ్లెవరూ నిలవరు. స్నేహం కొద్దీ అంటున్నాననుకుంటే అనుకోండి. స్నేహం కొద్దీ కూడా అంటున్నాను.

నా పేరు మురళీధర్. శాలిబండలో ఉంటాను, కరెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మా నాన్న గుడిలో అర్చకుడు. సాయంత్రం పూట ఆయన నాకోసం వెతుకుతుంటే నేను పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో, రూపాయి బిళ్ల వేస్తే ఆడే మెషీను ముందు నిలబడి ఉండేవాణ్ణి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి తన్నుకునే ఆట అది. నా పక్కన రెండో హ్యాండిల్ పట్టుకున్నవాడు దస్తగీర్. మా స్నేహం అక్కడ, తన్నులతోనే మొదలైంది.

మొదటి వారం రోజులు నేనే గెలిచాను. ఎలా గెలిచానో ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను. నేను తెర చూసేవాణ్ణి కాదు, ఓరకంట దస్తగీర్ చెయ్యి చూసేవాణ్ణి. అతని వేలు ఏ బటన్ మీదికి పోతుందో చూసి, తన్ను రాకముందే అడ్డం పెట్టేవాణ్ణి. ఎనిమిదో రోజు దస్తగీర్ జేబులోంచి పెద్ద రుమాలు తీశాడు. కుడిచెయ్యి మీద, బటన్ల మీద కలిపి కప్పేశాడు. నా వైపు చూడకుండానే ఆట మొదలుపెట్టాడు. ఆ రోజు నేను తొమ్మిదిసార్లు ఓడిపోయాను. ఆ తరువాత ముప్పై మూడేళ్లలో అతని మీద గెలిచిన పాపాన పోలేదు.

రుమాలు కింద చెయ్యి అంత చక్కగా ఎలా ఆడిందని అడిగితే, మరుసటి రోజు వాళ్ల నాన్న కార్ఖానాకు తీసుకుపోయి చూపించాడు. మగ్గం పనిలో గుడ్డను నాలుగు కర్రల మధ్య బిగించి కడతారు. పై చేతిలో కొక్కెం సూది ఉంటుంది. కింది చెయ్యి గుడ్డ కింద దాగి దారం అందిస్తుంది. కింది చేతిని పనివాడు కూడా చూడడు, అది దాని లెక్కన అది నడుస్తుంది. దస్తగీర్ పదో ఏట నుంచీ ఆ గుడ్డ ముందు కూర్చుంటున్నాడు. ఇక బటన్లు అతనికి ఒక లెక్కా?

ఆ కార్ఖానాలో వాళ్ల నాన్న నాటి నుంచీ ఒక పద్ధతి నడుస్తోంది. పని అయిపోయాక ఉస్తాదు గుడ్డను తిరగేస్తాడు. పైన నెమళ్లు, లతలు ఎంత మెరిసినా పట్టించుకోడు. వెనకవైపు దారాలు వేలాడుతున్నాయా, ముడి గట్టిగా ఉందా, ఎక్కడైనా పని తప్పించుకున్నారా, అంతవరకే చూస్తాడు. తప్పు కనిపిస్తే తిట్టడు. అక్కడి వరకు కుట్టు ఊడదీసి, గుడ్డను పనివాడి ముందు పెట్టి వెళ్లిపోతాడు. తప్పు లేకపోతే గుడ్డ వెనక, ఒక మూలన, తన చేత్తో చిన్న ఎర్రదారం ముడి వేస్తాడు. దాని మీద అస్తరు పడుతుంది కాబట్టి ఆ చీర కట్టుకున్న పెళ్లికూతురికి ఆ ముడి ఉన్నట్టే తెలియదు. పనివాడికి మాత్రం తెలుసు. మొదటి ముడి పడ్డ రోజు ఇంటికి మిఠాయి పొట్లంతో పోతాడు.

దస్తగీర్ ఆటల్ని కూడా అలాగే తిరగేస్తాడు. అతని గొప్పతనమంతా అక్కడుంది. కొత్త ఆట వస్తే మామూలు మనుషులు కత్తి దూసి పరుగెత్తుతారు. ఇతను మొదటి గంట ఎవరినీ కొట్టడు. గోడకు ముఖం పెట్టి నడుస్తాడు, గోడ గట్టిదేనా అని. మెట్ల కింద దూరతాడు. ఆట పొమ్మన్న దిక్కుకు పోకుండా వద్దన్న మూలకు పోయి నిలబడతాడు. శుక్రవారం కార్ఖానాకు సెలవు. నమాజు, భోజనం అయ్యాక ముందు గదిలో టీవీ పెట్టి అతను ఆడుతుంటే గల్లీ జనం పదిమంది చాపల మీద కూర్చుని చూస్తారు. నేనూ ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టి వెళతాను. అతని భార్య ఇక్బాలున్నీసా నాకోసం విడిగా బగారా అన్నం, టమాటా చట్నీ చేసి పెడుతుంది. వాళ్లింట్లో దక్కనీ మాట్లాడుకుంటారు గానీ నేను గడప దాటగానే అందరూ తెలుగులోకి దిగుతారు.

ఆటల ఇంగ్లీషు పేర్లు అతనికి నోరు తిరగవు. అన్నింటికీ తనే పేర్లు పెట్టాడు, గల్లీ అంతా ఆ పేర్లే వాడుతుంది. వందమంది ఆకాశంలోంచి దిగి ఒకరినొకరు కాల్చుకునే ఫోను ఆట ఉంది కదా, అది గొడుగులాట. దాని మీద అతని తీర్పు నాకు కంఠతా వచ్చు.

"దాంట్ల కొట్లాట రెండు నిమిషాలు, గడ్డిల పండుకునుడు ఇరవై నిమిషాలు. దావత్‌ల రెండో బంతి దస్తర్‌ఖాన్ కోసం నిలబడ్డట్టుంటది. కాని ఒక్కటి చెప్త. అడుగుల చప్పుడు మస్తు చేసిండ్రు. ఎవడొస్తున్నడో, చెప్పులున్నయో బూట్లున్నయో కూడ తెలుస్తది."

"మరి ముడి?" అని హమ్మాద్ అడిగాడు. హమ్మాద్ అతని దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి.

"ముడి ఎట్ల వేస్త? దాంట్ల చొక్కాలు అమ్ముతున్నరు, ఆ చొక్కా మీద జరీ చూసినవా? దారం లేదు, నేత లేదు, ఉత్తగ పసుపు రంగు పూసిండ్రు."

కార్లు ఎత్తుకుపోయి ఊరంతా తిరిగే ఆట కార్లదొంగ. దాంట్లో అతను మూడు శుక్రవారాలు సిగ్నల్ పడ్డచోటల్లా బండి ఆపాడు. చూస్తున్నవాళ్లకు పిచ్చెక్కిపోయింది. నాలుగో వారం తీర్పు చెప్పాడు. "ఊరు మంచిగ కట్టిండ్రు. కాని ఆ ఊర్ల ఒకనికొకడు ఎర్కలేడు. మన దగ్గర ఒకని స్కూటర్ ముట్టుకుంటె నలుగురు వాని తాత పేరు పెట్టి పిలుస్తరు. ఆడ బండి పోయినోడు కూడ రెండు నిమిషాలల్ల మర్చిపోతడు." శవాలు లేచి నడిచే ఆట అతనికి నచ్చింది, తూటాలు కొన్నే ఇస్తుంది కాబట్టి. చేతిలో నాలుగే తూటాలుంటే మనిషి మర్యాదగా ఆలోచిస్తాడని అతని అభిప్రాయం. ఇక్బాలున్నీసాకు మాత్రం గిట్టలేదు. "చచ్చినోళ్లను జర నిమ్మళంగ పండుకోనియ్యరా మీరు?" అని టీవీ ముందునుంచే చీపురు పట్టుకుని నడిచింది.

సిపాయిల తుపాకీ ఆట ఒకటి ఉంది. దాన్ని హమ్మాద్ ఎంతో మోజుపడి తెచ్చాడు. దస్తగీర్ ఇరవై నిమిషాలు ఆడాడు. ఎడారి దేశంలో ఏదో బజారు. కమాన్లు, గుడారం దుకాణాలు, మసాలా బస్తాలు. అందులో ఎవరు ఎదురొచ్చినా కాల్చాలి. దస్తగీర్ కాల్చడం మానేసి దుకాణాల బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. అరబ్బీ అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి కదా, వాటిని విడదీసి, ఎడమ నుంచి కుడికి పేర్చారు. అన్ని బోర్డులూ అంతే.

"వీళ్లకు బోర్డు చదవొస్తలేదు," అన్నాడు. "దుకాణం పేరు తెల్వనోడు బజార్ ఎట్ల కట్టిండు? కాల్చెటందుకే కట్టిండు. ఇది మన పత్తర్‌గట్టి లెక్కనే ఉంది మురళీ. నా దుకాణం మీద నేను తుపాకి ఎట్ల పేల్చాలె?" ఆట రిమోట్ కింద పెట్టేశాడు. ఆ ఆట మళ్లీ ఆ ఇంట్లో ఆడలేదు. నాకు ఆ రోజు అతని మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. బోర్డులు నేనూ చూశాను, నాకు తట్టలేదు.

ఇన్నేళ్లలో అతను "ముడి వేయొచ్చు" అన్నవి రెండే ఆటలు. ఒకటి మేము పత్తర్‌గట్టిలో ఆడిన పాత తన్నులాట. రెండోది అతను చావులాట అని పిలిచేది. అందులో ఒక్కొక్క రాక్షసుడి చేతిలో వందసార్లు చావాలి. నేను మూడోసారికే రిమోట్ విసిరేశాను. దస్తగీర్ నలభై రోజులు చచ్చాడు. "ఇది గట్టిగ కొడతది, కాని చెప్పి కొడతది. కొట్టే ముందు భుజం లేస్తది. చూసుకోకపోతే తప్పు నాదే," అన్నాడు. అతని దృష్టిలో ఆటకు అంతకుమించిన నీతి లేదు.

ఇలాంటి ఇంట్లో పెరిగింది అలీనా. దస్తగీర్‌కు ఒక్కతే కూతురు. నాలుగేళ్లప్పటి నుంచీ తండ్రి మోకాలికి ఆనుకుని ఆటలు చూసిన పిల్ల. బొమ్మలు కదిలించే చదువు చదివి, ఇరవై మూడేళ్లకు మాదాపూర్‌లో ఆటలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో చేరింది. ఫలక్‌నుమాలో రైలెక్కి రెండేళ్లుగా రోజూ వెళ్లి వస్తోంది. వాళ్లు చేస్తున్న మొదటి పెద్ద ఆట ఏడు దర్వాజాలు. పహరా కాసే ఒక పిల్ల కోటలో ఏడు దర్వాజాలు దాటి, చివర స్తంభాల హాలులో కోట అధికారి అయిన కిల్లేదారుతో కత్తియుద్ధం చేస్తుంది. ఆ చివరి యుద్ధం మొత్తం అలీనా చేతికిచ్చారు. కిల్లేదారు ఎప్పుడు కత్తి ఎత్తాలి, ఎప్పుడు డాలు అడ్డం పెట్టాలి, అంతా ఆమె ఇష్టం. ఆ మాట దస్తగీర్ గల్లీలో ఎవరికీ చెప్పుకోలేదు. నేనే తిరిగి తిరిగి అందరికీ చెప్పాను.

మొన్న వానాకాలంలో ఒక శుక్రవారం అలీనా ఆఫీసు ల్యాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించింది. బయటివాళ్లతో ఆడించి చూడమని వాళ్ల పెద్దసారు నిఖిలేష్ చెప్పాడట. వచ్చే శనివారం ఆటను చూడటానికి బెంగళూరు నుంచి మనుషులు వస్తున్నారు. వాళ్లకు నచ్చితేనే ఆట బయటికొస్తుంది.

"అబ్బా, బిడ్డ ఆట అనుకోకు," అంది రిమోట్ తండ్రి చేతిలో పెడుతూ. "ఈ నలుగురి ముందట అందరి ఆటలకు ఎట్ల చెప్తవో గట్లనే చెప్పు."

"చెప్త. మళ్ల ఏడ్వొద్దు."

"ఏడ్వ."

దస్తగీర్ తన పద్ధతిలో ఆరు దర్వాజాలూ గోడలు తడుముకుంటూ దాటాడు. రెండు చోట్ల తల ఊపాడు. అతను తల ఊపడమే గొప్ప కాబట్టి హమ్మాద్ నన్ను మోచేత్తో పొడిచాడు. ఏడో దర్వాజా తెరుచుకుంది. కిల్లేదారు ఆరడుగుల మనిషి, వాడు తొడుక్కున్న అంగరఖా మీద జరీ అచ్చం మన కార్ఖానా పనే, దారం దారం కనిపిస్తోంది. రెండుసార్లు దస్తగీర్ చచ్చాడు. మూడోసారి గెలిచాడు. గది దద్దరిల్లింది. "ముడి వేయి ఉస్తాద్," అన్నాడు హమ్మాద్. అలీనా చెంపలు ఎర్రబడ్డాయి. నేనైతే చప్పట్లు కొడుతూనే ఉన్నాను.

దస్తగీర్ ఆ యుద్ధాన్ని మళ్లీ మొదటికి తెచ్చాడు. ఈసారి కిల్లేదారు దగ్గరికి పోలేదు. పహరా పిల్లను ఒక లావుపాటి స్తంభం వెనక్కి తీసుకుపోయి నిలబెట్టాడు. కిల్లేదారు అటు తిరిగి ఉన్నాడు, వాడి వీపు మాత్రమే మాకు కనిపిస్తోంది. మధ్యలో స్తంభం. దస్తగీర్ కత్తి బటన్ నొక్కాడు. పిల్ల కత్తి ఇంకా కదలకముందే, అటు తిరిగి ఉన్న కిల్లేదారు డాలు పైకెత్తాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎత్తాడు. అయిదుసార్లు అలాగే జరిగింది.

"మురళీ, ఇట్ల రా," అన్నాడు దస్తగీర్.

"ఏంది?"

"నీ తమ్ముడు దొరికిండు."

జేబులోంచి రుమాలు తీసి, రిమోట్ మీద, చేతుల మీద కప్పి నొక్కాడు. డాలు లేచింది. "రుమాలు కప్పినా చూస్తున్నడు. నీకంటె గొప్పోడు," అన్నాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. అలీనా నవ్వలేదు. అప్పుడు దస్తగీర్ ఆమె వైపు తిరిగాడు.

"బేటీ, వీడు నా కత్తిని చూస్తలేడు. నా వేలు చూస్తున్నడు. నేను బటన్ ఒత్తిన సంగతి వానికెట్ల తెలుస్తది? కింది చెయ్యి చూసి కొట్టుడు బేఇమానీ. ఊడదీయి."

అలీనా తండ్రికి ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఆఫీసుల పదకొండు మంది ఆడిండ్రు. మస్తు కష్టంగుంది, మస్తుగుంది అన్నరు. ఒక్కరు కూడ గిది పట్టలే. చానా ఆటలల్ల గిట్లనే చేస్తరు అబ్బా, కష్టం పెంచెటందుకు."

"పట్టలేదంటె ఉల్టా చూడలే. నువ్వైతె చూసినవ్ గదా?"

"చూసిన," అంది అలీనా. "ఇప్పుడు తీస్తే వానికి మళ్ల మొదటి నుంచి నేర్పాలె. ఎనిమిది రోజులే ఉన్నయి. టైముకు కాకపోతే నిఖిలేష్ సార్ ఆ కొట్లాట మాతోని పనిచేసే అక్షయ్‌కి ఇస్తనన్నడు. నా పేరు దాని మీద ఉండది."

"అయితె ఇయ్యనీ."

అలీనా ల్యాప్‌టాప్ వైర్లు పీకి లోపలికి వెళ్లిపోయింది. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న ఇక్బాలున్నీసా భర్త వైపు ఒక చూపు చూసి కూతురి వెంట పోయింది. చాపలు ఖాళీ అయ్యాయి.

నాకు నిజంగానే ఒళ్లు మండింది. స్టేషన్ దాకా అతను నన్ను దిగబెట్టడానికి వస్తే దారంతా తిట్టాను. నలుగురి ముందు అనకపోతే ఏం పోయిందన్నాను. ముప్పై ఏళ్లుగా ఊరి ఆటలకు తీర్పులు చెప్పి చెప్పి కన్నబిడ్డ ముఖం చూడటం మరిచిపోయావన్నాను. అతను ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"నాకు బాధ లేదనుకుంటున్నవా మురళీ? వాని అంగరఖా మీద జరీ చూసినవా? మా బాపు కుట్టిన తీగ అది. ఆ పిల్ల యాది పెట్టుకుని దింపింది. ఆడనే ముడి వేద్దామనిపించింది నాకు. కాని అందరి ఆటలు ఉల్టా చూసి, నా బిడ్డది సీదా చూసి ఇడిచిపెడితే ఆ ముడి ఏం ముడి? దానికి ముడి ఇయ్యాలె అంటే నిజం ముడి ఇయ్యాలె. ఉత్తది ఇస్తే దానికి తెలుస్తది, నాకు తెలుస్తది."

రైలొచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక గానీ నా కోపం సిగ్గుగా మారలేదు. చెయ్యి చూసి గెలిచినవాణ్ణి నేను, నీతులు చెప్పింది అతనికి.

ఆదివారం పొద్దున దస్తగీర్ ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి కార్ఖానాలో పాత తన్నులాట టీవీలో పెట్టి ఉంది. అలీనా పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ గొంతు స్థిరంగా ఉంది. శనివారమే ఆఫీసుకు పోయి డాలు సంగతి నిఖిలేష్‌కు తనే చెప్పేసిందట. ఊడదీసేసింది. శుక్రవారం లోపు కొత్తది రాకపోతే అక్షయ్‌కి ఇచ్చేయమని కూడా తనే చెప్పి వచ్చింది. ఆ మాట వినగానే నాకు ఛాతీ ఉబ్బింది. పిల్ల ఎవరి పిల్ల మరి.

"మురళీ చాచా, అబ్బాతోని పది ఆటలు ఆడు," అంది. "అబ్బా నీ చెయ్యి చూడకుంటనే ఎట్ల గెలుస్తడో నాకు కావాలె."

ఆడాను. పదికి పది ఓడాను. ప్రతి ఓటమి తరువాత అలీనా ఆపి తండ్రిని అడిగేది, ఇప్పుడు అడ్డం పెట్టాలని ఎలా తెలిసిందని. దస్తగీర్ ఏమాత్రం దాచుకోకుండా నా ముప్పై మూడేళ్ల బండారం బయటపెట్టాడు.

"చాచా రెండు తన్నులు తన్ని మూడోసారి ఎగురుతడు. దెబ్బ పడితే కోపంల ముందుకొస్తడు. గెలుస్తున్ననుకుంటె అసలు అడ్డమే పెట్టడు. మొదటి ఆటల నాకూ తెల్వది, నేనూ తింట. రెండో ఆటకు కొంచెం తెలుస్తది. మనిషిని చూడాలె బేటీ, వేలు చూస్తే ఏమొస్తది?"

అలీనా అన్నీ రాసుకుంది. నా గురించి అంత శ్రద్ధగా మా ఆఫీసులో కూడా ఎవరూ ఏమీ రాసి ఉండరు. ఆ వారమంతా ఆమె పొద్దున మొదటి రైలుకు పోయింది. బుధవారం నాటికి కిల్లేదారు అసలు డాలే ఎత్తడం లేదని, కొట్టిన ప్రతి దెబ్బా తింటున్నాడని ఇక్బాలున్నీసా నాకు ఫోన్లో చెప్పింది. ఆమె దువా చేస్తానంది. మా ఆవిడ ఆండాలు ఏమైతే అదైందని లాల్‌దర్వాజా అమ్మవారికి కొబ్బరికాయ మొక్కుకుంది.

శుక్రవారం గది కిక్కిరిసింది. అలీనా ల్యాప్‌టాప్ తగిలించి తండ్రి పక్కన కాకుండా గోడవారగా పోయి నిలబడింది. "నువ్వు వేయొచ్చు అంటెనే రేపు చూపిస్త," అంది. "లేకపోతే ఇప్పుడే ఫోన్ చేసి అక్షయ్‌కి చెప్త."

దస్తగీర్ నేరుగా ఏడో దర్వాజాకు పోయాడు. పహరా పిల్లను స్తంభం వెనక నిలబెట్టాడు. రుమాలు కప్పాడు. కత్తి బటన్ నొక్కాడు. కిల్లేదారు కదలలేదు. పదిసార్లు నొక్కాడు. వాడు వీపు చూపిస్తూ అలాగే నిలబడ్డాడు. దస్తగీర్ రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, స్తంభం దాటి బయటికొచ్చాడు.

మొదటి ఆట సగం దాకా అతనిదే. అతనికి ఒక ఎత్తు ఉంది, నా మీద ఎన్నిసార్లు వాడాడో లెక్కలేదు. వెనక్కి తగ్గినట్టే తగ్గి, ఎదుటివాడు ముందుకు రాగానే పక్కకు తప్పుకుని కొడతాడు. కిల్లేదారు ఆ దెబ్బ రెండుసార్లు తిన్నాడు. మూడోసారి దస్తగీర్ వెనక్కి తగ్గితే వాడు ముందుకు రాలేదు. అక్కడే ఆగి, భుజం కొద్దిగా ఎత్తి, ఎదురుచూశాడు. దస్తగీర్ పక్కకు తప్పుకున్న చోటికే వాడి కత్తి వచ్చింది. పహరా పిల్ల పడిపోయింది.

రెండో ఆట ఓడాడు. మూడోది ఓడాడు. నాలుగోది ఇంకా తొందరగా ఓడాడు. చావులాట సంగతి వేరు, మిగతా ఏ ఆటలోనూ దస్తగీర్ వరసగా నాలుగుసార్లు ఓడటం ఆ గల్లీలో ఎవరూ చూసి ఉండరు. హమ్మాద్ మెల్లగా, "ఉస్తాద్, రుమాలు కప్పుకో," అన్నాడు.

"కప్పినా ఒకటే, తీసినా ఒకటే. వీడు చెయ్యి చూస్తలేడు," అన్నాడు దస్తగీర్. తెర మీద కిల్లేదారు కత్తి దించి నిలబడి ఉన్నాడు. దస్తగీర్ వాడిని చాలాసేపు చూశాడు. "వీడు నాకు తెలిసినోని లెక్కనే ఉన్నడు. ఎదుటోడు తొందరపడేదాంక ఆగుతడు. కొట్టే ముందు చెప్తడు. ఎవడు బేటీ వీడు?"

"నువ్వే అబ్బా," అంది అలీనా. "నువ్వు చాచాతోని ఎట్ల ఆడతవో గట్లనే నేర్పిన. ఎదుటోని అలవాటు పట్టుకుంటడు. వేలు చూడడు."

దస్తగీర్ కళ్లద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ముప్పై మూడేళ్లుగా అతన్ని ఓడించాలని చూసింది నేను. ఓడించింది ఇరవై అయిదేళ్ల పిల్ల, అదీ అతన్ని తెచ్చి అతని ఎదుటే నిలబెట్టి. అతని ముఖంలో వచ్చిన వెలుగు నేను పత్తర్‌గట్టిలో అతను గెలిచిన ఏ రోజూ చూడలేదు.

"ముడి వేసుకో," అన్నాడు.

ఏడ్వనని మాట ఇచ్చిన పిల్ల గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక్బాలున్నీసా ఆమెను దగ్గరికి తీసుకుంటూనే నన్ను చూసి, "మీరెందుకు భాయ్ ఏడుస్తున్నరు?" అంది. మరుసటి రోజు బెంగళూరు నుంచి వచ్చిన పెద్దమనిషి కిల్లేదారు చేతిలో ఆరుసార్లు చచ్చి, భోజనానికి లేవమంటే లేవనన్నాడట. అలీనా పేరు ఆ యుద్ధం మీదే ఉంది.

చలికాలంలో ఆట బయటికొచ్చింది. దస్తగీర్ కంటే ముందు నేనే కొన్నాను, ఆ మాత్రం హక్కు నాకుందనిపించింది. మొదటి శుక్రవారం వాళ్లింట్లోనే పెట్టాం. కిల్లేదారు ఎదురుగా నాలుగు క్షణాలు కూడా నిలవనని నాకు తెలుసు. అందుకని యుద్ధం జోలికి పోకుండా, దస్తగీర్ పద్ధతి నాకూ పట్టుబడిందని చూపిద్దామని పహరా పిల్లను ఆ లావుపాటి స్తంభం వెనక్కి తీసుకుపోయాను. ఆడేవాళ్లెవరూ అక్కడికి పోవాల్సిన పనిలేదు. స్తంభం వెనకవైపు, కింద, రాయి అంచున, చిటికెన వేలి గోరంత ఎర్రదారం ముడి ఉంది.

"దస్తగీర్," అన్నాను. వేలితో తెర చూపించాను.

అతను లేచి వచ్చి టీవీకి అంత దగ్గరగా వంగి చూశాడు. గుడ్డ మీది ముడి చూసినట్టే, వేలి కొసతో తెరను తాకి చూశాడు. అలీనా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. గదిలో ఉన్న జనానికి అదేమిటో చెప్పాల్సిన పని లేకపోయింది, ఆ గల్లీలో అందరికీ తెలుసు.

"అంచుకు ఇంక జర దగ్గర ఉండాలె," అన్నాడు దస్తగీర్ చివరికి. "మిగిలింది మంచిగుంది."

నా చేతిలోంచి రిమోట్ తీసుకున్నాడు. కిల్లేదారుతో లెక్క తేల్చుకుంటాడని అందరం సర్దుకుని కూర్చున్నాం. అతను పహరా పిల్లను స్తంభం చుట్టూ ఒకసారి తిప్పాడు. మళ్లీ వెనక్కే తెచ్చి నిలబెట్టాడు. సాయంకాలపు అసర్ నమాజుకు అజాన్ వినిపించేదాకా ఆ ముడినే చూస్తూ కూర్చున్నాడు.